నీలి సాలీని పుట్టినిల్లు

తెలుగుభాషలో సాలెవాడు, సాలీడు అను రెండు మాటలును ఒకే యింటి బిడ్డలు. మగ్గముపై వస్త్రము నేయువాడు సాలెవాడైనట్లే, గోడమూలను దారము తీసి గూడల్లుకొను పురుగు సాలెపురుగైనది. ఈ చుట్టఱికము పుస్తకములలో చదివినప్పటికన్న ఎమ్మిగనూరు వీధులలో నడచునప్పుడు చక్కగ బోధపడును. కర్నూలు జిల్లా పడమటిభాగమున, తుంగభద్రకు దక్షిణముగనున్న ఈ యూరు మగ్గముల యూరు. ఇచ్చట 1938వ సంవత్సరమున మాచాని సోమప్పగారు నేతపనివారల సహకారసంఘమును నెలకొల్పి, కఱవుసీమలో మగ్గమును నమ్ముకొన్న కుటుంబములకు అండగ నిలిచిరి. 1954లో భారతప్రభుత్వమువారు వారిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించిరి. నేడు మగ్గముల సవ్వడి వెనుకటివలె ప్రతివాకిటను వినబడదు గాని, నేయువారి చేతులలోని నేర్పు ఇంకను ఆ యూరిని విడిచిపోలేదు.

అయినను ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఆ నేతవారిని గుఱించి కాదు. వారి పేరును పంచుకొన్న వేఱొక ప్రాణిని గుఱించి. అదియును సాలీడే. దాని మేని రంగు నీలము. దాని పేరులో మన గుత్తి పట్టణము పేరున్నది. సముద్రములకావలి దేశములవారు దానిని పేరుపెట్టి పిలిచి, దాని యందమునకు మురిసి, ధనము పోసి కొనుచున్నారు. గుత్తికి కూతవేటు దూరములోనున్నామనదగిన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములవారమైన మనలో ఎందఱకో మాత్రము అట్టిది యొకటి కలదనియే తెలియదు. బడిలో చదువుకొనుచున్న మా అన్నగారి కుమార్తె ఒకనాడు దాని చిత్రమును తెచ్చి మా ముందుంచి, "అత్తా, ఇది గుత్తి సాలీడట! గుత్తి మనకు ఆదోనిలో రైలెక్కితే దగ్గరే గదా, పోయి చూతమా?" అని యడిగినది. వేసవి సెలవులు రానేవచ్చినవి. మా వదినగారును, ఆ పిల్లయు, మేమును కలసి ఆ సాలీని యిల్లు వెదకుటకు బయలుదేరితిమి.

ప్రయాణమునకు ముందు, ఎమ్మిగనూరులో మాకు చీరలు నేసియిచ్చు ఇంటికి పోయినప్పుడు, పిల్ల ఆ చిత్రమును అచ్చటి ముసలమ్మకు చూపినది. ఆమె కండెలు చుట్టుట ఆపి, కన్నులు చిట్లించి చాలసేపు చూచినది. "మేమెంత మంచి రంగులో ముంచినా పది ఉతుకులకు కాస్త వెలుస్తుంది తల్లీ. దీనికి ఈ రంగు ఎవరద్దినారో!" అని యన్నది. రంగుతో జీవితమంతయు గడపిన చేతులు గనుక ఆమెకు వెంటనే తట్టిన ప్రశ్న అది. దానికి సమాధానము ముందు చెప్పెదము.

ఎమ్మిగనూరునకు రైలు లేదు. సుమారు ముప్పది కిలోమీటర్ల దూరములోనున్న ఆదోనికి బస్సుమీద పోవలెను. దారి పొడవునను నల్లరేగడి చేలు. పంటకాలమున ప్రత్తితో తెల్లబడు ఆ నేల వేసవిలో పగుళ్లు బాఱి నోరు తెఱచుకొని యుండును. నడుమ నడుమ ఒకదానిపై నొకటి పేర్చినట్లు బండఱాళ్ల గుట్టలు. నీడనిచ్చు చెట్టు కనబడినచో, అది చాలవఱకు దేవాలయము ముంగిటి వేపయో రావియో యగును. ఆదోని ప్రత్తివర్తకమునకు పేరుగన్న పట్టణము. దూదియేకు మిల్లులును, నూనెమిల్లులును, బండ్లతో క్రిక్కిఱిసిన మార్కెట్టు యార్డును దాని సంపద. కొండలపై విజయనగర రాజులనాటినుండి పేరొందిన కోటయు, క్రింద 17వ శతాబ్దమున సిద్దీమసూదుఖాను కట్టించిన జామియామసీదును దాని చరిత్ర. మద్రాసునుండి వచ్చు రైలుమార్గము 1871లో రాయచూరు చేరి బొంబాయి మార్గముతో కలిసిననాటినుండి ఆదోని ప్రత్తికి దూరదేశముల దారి తెఱచుకొన్నది. మేమును ఆ మార్గముననే గుంతకల్లు దాటి గుత్తిలో దిగితిమి.

గుత్తి యనగానే కోట. చుట్టునున్న మైదానమునుండి నిటారుగ లేచిన రాతికొండ. ఆ కొండను చుట్టలు చుట్టుకొన్న ప్రాకారములు. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే ఈ కోటను చిరకాలమేలి, 1776లో హైదరాలీకి ఓడి కోల్పోయెను. దత్తమండలములలో రైతులకు చిరపరిచితుడైన తామసు మన్రో దొర 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో కలరాజాడ్యముచే మరణింపగా, ఆయన దేహమును మొదట గుత్తికే తెచ్చి సమాధి చేసిరి. 1831లో ఆ యవశేషములను మద్రాసు కోటలోని చర్చికి తరలించిరి. ఇట్లు గుత్తికి వచ్చి, కొన్నాళ్లుండి, పేరు మిగిల్చి పోయినవారు పెక్కుమంది. మన నీలి సాలీడును అట్టి యతిథులలో నొకటియని మాకు ఆనాటి సాయంకాలమే తెలిసినది.

ఎట్లనగా, కోటకొండ యడుగున నిలిచి మా పిల్ల నలుదిక్కులు చూచి, "అత్తా, పుస్తకములో ఇది చెట్టుతొఱ్ఱలో ఉండే సాలీడని ఉన్నది. ఇక్కడ అన్నీ బండలేగదా! పెద్ద చెట్టు ఒక్కటైనా లేదే, ఎక్కడ ఉండేదీ?" అని యడిగినది. శాస్త్రజ్ఞులకు నూఱేండ్లు పట్టిన సందేహమది.

ఆ కథ యిది. 19వ శతాబ్దము ముగియు దినములలో గుత్తి రైల్వే కలపయార్డులో ఒక పెద్ద నీలి సాలీడు దొరకినది. లండను నగరమున బ్రిటిషు మ్యూజియములో సాలీళ్లను, తేళ్లను పరిశీలించు రెజినాల్డు పోకాకు అను పండితుడు దానిని చూచి, ఇది అంతకుమున్ను ఎవ్వరును వర్ణింపని జాతియని గుర్తించి, 1899లో దానికి పోయెసిలోథీరియా మెటాలికా అని శాస్త్రనామమిడెను. మెటాలికా యనగా లోహమువలె మెఱయునదని భావము. దొరకినచోటును బట్టి లోకమంతయు దానిని గుత్తి టరాంటులా యనుచున్నది. టరాంటులాలనగా బొచ్చుతో గూడిన పెద్ద సాలీళ్లు. ఆంగ్లేయుల పలుకుబడిలో గుత్తి 'గూటి' యైనది గదా. తెలుగుచెవికి 'గూటి సాలీడు' అనిన, గూడుకలిగిన సాలీడని వినబడును. అయితే ఆ గూడు మాత్రము గుత్తిలో లేదు! తరువాత నూఱేండ్లకు పైగా ఆ జాతిది మఱియొకటి అడవిలో ఎవరికిని కానరాలేదు. 102 సంవత్సరములు గడచిన పిదప, 2001లో, గుత్తికి ఈశాన్యదిశగ సుమారు నూఱు కిలోమీటర్ల దూరమున, నంద్యాల గిద్దలూరుల నడుమనున్న నల్లమల అడవిలో అది మరల కనబడినది. నల్లమలను చీల్చుకొని 19వ శతాబ్దపు చివరిభాగమున రైలుమార్గము వేసియుండిరి. ఆ రైలుపై వచ్చిన కలపదూలముల సందున దాగి ఆ మొదటి సాలీడు గుత్తి చేరియుండునని శాస్త్రజ్ఞుల ఊహ. కనుక గుత్తి దానికి పుట్టినిల్లు కాదు. దారిలో దిగిన మజిలీ మాత్రమే. పుట్టినిల్లు నల్లమల.

నల్లమలకు పోవుటకు ముందు దాని రూపము పాఠకసోదరీమణులకు పరిచయము చేసెదము. కాళ్లు చాచిన ఎదిగిన సాలీడు 15 మొదలు 20 సెంటిమీటర్ల వఱకు ఉండును. అనగా మనము ఫలహారము పెట్టుకొను చిన్నపళ్లెమంత. మేనంతయు చిక్కని నీలము. వీపుపైన కొమ్మలు చీలినట్లు తెల్లని ముగ్గు. కాళ్లపై అచ్చటచ్చట పసుపుపచ్చని మచ్చలు. పిల్లలుగానున్నప్పుడు ఇంత నీలము ఉండదు. కుబుసము విడిచినకొలదిని రంగు తేరును. ఈ కుటుంబమున ఇతర సాలీళ్లు బూడిద, గోధుమ, నలుపు రంగులవి. నీలమునకు నోచినది ఇది యొక్కటియే.

ఇక ఎమ్మిగనూరు ముసలమ్మ ప్రశ్నకు సమాధానము. ఆ నీలమును ఎవ్వరును అద్దలేదు. అందులో రంగుమందు లేదు. నీలిమందులో ముంచిన నూలు, ఆ మందు పోగుకు పట్టియున్నంతకాలము నీలముగనుండి, ఉతుకుచుండగా వెలియును. సాలీని మేని వెండ్రుకలలోనో, కంటికానని మిక్కిలి సన్నని పొరలు క్రమముగ నమరియున్నవి. వాటిపై వెలుతురు పడినప్పుడు తక్కిన రంగులు అణగి నీలము మాత్రము తిరిగివచ్చి మన కన్నులకు తగులును. నెమలిపింఛపు వన్నెయు ఇట్టి యమరికచేతనే కలుగును. కాని పింఛమును అటునిటు త్రిప్పినచో రంగు మాఱును. ఈ సాలీని నీలము ఏవైపునుండి చూచినను ఇంచుమించు ఒకేరీతిగ నుండును. 2015లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, టరాంటులా సాలీళ్ల వేఱువేఱు శాఖలలో ఈ నీలము కనీసము ఎనిమిది పర్యాయములు విడివిడిగ పుట్టినదని తేల్చిరి. రంగుమందు లేని చోట వెలియుట యెక్కడిది? మనుష్యులు నేసిన దానికి రంగు వేఱు, నేత వేఱు. దీనికి నేతయే రంగు.

మఱి ఇది వల పన్ని వేటాడు జాతి కాదు. చెట్టుతొఱ్ఱలో పట్టువంటి దారముతో గొట్టమువలె గూడల్లుకొని పగలంతయు లోపలనుండును. ప్రొద్దుగ్రుంకిన పిదప తొఱ్ఱవాకిటికి వచ్చి కదలక నిలిచియుండి, రెక్కలపురుగులు దాపునకు రాగానే మెఱుపువలె దుమికి పట్టును. ఎనిమిది కన్నులున్నను చూపు అంతంతమాత్రమే. కాళ్లకు తగులు కంపముచేతనే శత్రువెవరో ఆహారమేదో తెలిసికొనును. ఆడుది గ్రుడ్లుపెట్టి, వాటిని పట్టుసంచిలో మూటగట్టి కాపాడుకొనును. తొఱ్ఱలు చాలనిచోట పలుసాలీళ్లు ఒకే తొఱ్ఱలో సర్దుకొని కాపురముండుటయు కలదు. మగవాని యాయువు మూడునాలుగేండ్లు. ఆడుది పదునొకండు, పండ్రెండేండ్లు బ్రతుకును. దీని కాటు మిక్కిలి బాధాకరము. వాపును, కండరములు పట్టుకొనుటయు కలుగవచ్చును. కాని ఆ కాటుచే మనుష్యుడు మరణించినట్లు వినలేదు. అదియు తనంతట మనుష్యుని వెదకుకొని రాదు. అలికిడి విన్నచో తొఱ్ఱలోనికి దూరుటయే దాని మొదటి ఆలోచన.

దీని చుట్టములెవరని యడుగుదురేమో. ఈ పోయెసిలోథీరియా కుటుంబమంతయు ప్రపంచమున రెండుచోట్ల మాత్రమే కలదు: మన భరతఖండమున, సముద్రమునకావల సింహళద్వీపమున. రామాయణము విని పెరిగిన మనకు ఆ రెండు నేలల సంబంధము క్రొత్తది కాదు. సింహళదేశస్థులు తమ చెట్టుసాలీళ్లను 'దివి మకుళువ' అందురు, చిఱుతసాలీడని యర్థము. కాండీరాజ్యమున సుమారు పందొమ్మిదేండ్లు బందీగనుండి తప్పించుకొనిపోయిన రాబర్టు నాక్సు అను ఆంగ్లేయుడు 1681లో ప్రకటించిన గ్రంథమున, చెట్టుతొఱ్ఱలలో నివసించు ఇట్టి పెద్దసాలీని ప్రసక్తి కలదు. ఆ ద్వీపమునను అడవులు తఱిగి ఈ సాలీళ్లకు కష్టకాలము వచ్చినది. అచ్చటి అయిదు జాతులను 2018లో అమెరికా ప్రభుత్వమువారు తమ చట్టము క్రింద అంతరించు ప్రమాదములోనున్నవని ప్రకటించి, వాటి వ్యాపారమును కట్టడిచేసిరి. ద్వీపములోని యక్కచెల్లెండ్ర కష్టమే నల్లమలలోని మన సాలీని కష్టమును.

గుత్తినుండి ద్రోణాచలము మీదుగ నంద్యాల చేరి, అచ్చట రాత్రి విశ్రమించి, మఱునాటి యుదయము గిద్దలూరు పోవు రైలెక్కితిమి. గాజులపల్లె దాటినంతనే లోకము మాఱినట్లు తోచినది. ఆదోని బండగుట్టలకు అలవడిన మా కన్నులకు ఆ కొండల పచ్చదనము నమ్మశక్యము కాలేదు. వేసవి గనుక పెక్కు చెట్లు ఆకురాల్చి నిలిచియున్నను, లోయలలో నల్లమద్దులును, ఏగిసలును, ఇప్పలును గుబురుగనుండెను. బండి సొరంగము దూఱి, చెలమ స్టేషను దాటి, దిగువమెట్ట చేరువఱకు అడవియే. కిటికీకి ముఖమానించి మా పిల్ల ఒక్కొక్క లావుపాటి చెట్టునకు ఒక్కొక్క తొఱ్ఱ వెదకుచుండెను.

ఇక్కడనే ఎక్కడనో దాని కాపురము. 2008లో ప్రపంచ ప్రకృతిసంరక్షణ సంఘమువారు దానిని అతితీవ్ర ప్రమాదములోనున్న ప్రాణుల పట్టికలో చేర్చిరి. వారి లెక్కప్రకారము దాని నివాసము నూఱు చదరపు కిలోమీటర్లకు లోపే. ఈ కొలత బోధపడుటకు ఒక ఉపమానము చెప్పెదము. ఆదోనినుండి ఎమ్మిగనూరునకు పోవు దారిలో మూడవవంతు దూరము పొడవును, అంతే వెడల్పునుగల ఒక చదరమును మనసున గీచికొనుడు. లోకమంతటి నీలి సాలీళ్ల యిల్లు ఆ చదరములో ఇముడును. తరువాత 2020లో తమిళదేశమున సెంజి దాపుననున్న పక్కమలై అడవిలోను ఈ జాతి కనబడినదని పత్రికలలో వార్త వచ్చినది. అది సంతోషమే. అయినను పెద్దయిల్లు నల్లమలయే. ఆ యిల్లే సన్నగిల్లుచున్నదని ఆందోళన.

ఆ యిల్లెట్లు సన్నగిల్లుచున్నది? కలపకై చెట్లు నఱకుట ఒకటి. వంటచెఱకునకై నఱకుట రెండవది. దీని లోతు మాకు గిద్దలూరు ప్రాంతమున ఒక పల్లెలో తెలిసినది. నెత్తిపై కట్టెలమోపుతో అడవినుండి దిగివచ్చుచున్న ఒక ఇల్లాలు దాహమునకు ఆగి, మా వదినగారి చెంబులోని నీరు త్రాగి, ఆమె ప్రక్కనే కూర్చున్నది. మాటలలో మా వదినగారు, "అమ్మా, పచ్చనిచెట్లు కొట్టిన పాపము గదా?" అని యడిగిరి. ఆమె నొచ్చుకొని, "అయ్యో, అంత పాపం మాకెందుకమ్మా! బతికిన చెట్టు జోలికి మేం పోం. తొఱ్ఱబడి, డొల్లబోయి, ఇంకెందుకూ పనికిరాదనుకొన్నదే కొట్టుకొంటాం" అని యన్నది. ఆమె చెప్పినది ధర్మము. మన యిండ్లలోను పెద్దలు నేర్పిన ధర్మమదియే. కాని మా పిల్ల మాత్రము మా వంక చూచినది. మేమును దాని వంక చూచితిమి. ఆ తొఱ్ఱచెట్టే గదా సాలీని యిల్లు! వయసుమీఱి, లోపల గుల్లయై, కలపకు కొఱగాని చెట్టు ఈ ప్రాణికి మిద్దెయిల్లు. లేతచెట్టునకు తొఱ్ఱ యుండదు. తొఱ్ఱ పడుటకు చెట్టునకు ఎన్నో యేండ్లు కావలెను. నేడు పది మొక్కలు నాటినను, నిన్న కొట్టిన ముసలిచెట్టునకు బదులు కావు.

ఆ యిల్లాలిని నిందించుటకు మనకు నోరెట్లు వచ్చును? మోపు దించనిదే ఆమె పొయ్యి రాజదు. అడవిని కాపాడవలెనన్నచో ముందు ఆమె పొయ్యిని గుఱించి ఆలోచింపవలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో పేదస్త్రీలకు వంటగ్యాసు ఇచ్చు దీపము పథకమును ప్రారంభించినప్పుడు, పొగనుండి ఆడువారి కన్నులను ఊపిరిని కాపాడుటయు, కట్టెలకై అడవిపై పడు భారమును తగ్గించుటయు అను రెండు ప్రయోజనములను ఉద్దేశించిరి. 2016లో కేంద్రప్రభుత్వమువారి ఉజ్జ్వల పథకము వచ్చినది. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు ఏడాదికి మూడు గ్యాసుబండలు ఉచితముగ ఇచ్చు రెండవ దీపము పథకమును ఆరంభించిరి. గ్యాసుబండకును సాలీనికిని ఏమి సంబంధమని నవ్వుకొనవద్దు. వంటింట ఒక బండ వెలిగినచో అడవిలో ఒక తొఱ్ఱ నిలుచును. ఆడుదాని వీపుమీది మోపు దిగుటయు, ఆ మూగజీవి యిల్లు నిలుచుటయు ఒకే పని యగుట మాకు ఎంతయో సంతోషము కలిగించినది.

రెండవ యాపద యందమువలన వచ్చినది. ఐరోపా, అమెరికా దేశములలో సాలీళ్లను గాజుపెట్టెలలో పెంచు వేడుక కలదు. మనము చిలుకను పెంచినట్లు వారు దీనిని పెంచుదురు. 2001లో ఇది తిరిగి కనబడినదని తెలియగానే వేడుకకాండ్ర దృష్టి దానిపై పడినది. ఆడసాలీడు పోయినచో తొఱ్ఱలోని సంసారమే పోవును గనుక, చిన్న అడవిలోని కొద్ది సాలీళ్లలో కొన్నిటిని ఎత్తుకొనిపోయినను నష్టము పెద్దది. పిదప అవి గాజుపెట్టెలలోనే పిల్లలను కనగా, నేడు పరదేశపు విపణులలో అమ్మబడునవి చాలవఱకు అచ్చట పుట్టినవే. ఎట్టి విచిత్రము! పరాయియిండ్ల సంతానము కలకలలాడుచుండ, పుట్టినింట కరవు. గాజుపెట్టెలో పుట్టిన సాలీడు ఎన్ని వేలున్నను నల్లమల తొఱ్ఱలోని చీకటి ఖాళీయైనచో ఆ లోటు తీఱదు. 2019లో జెనీవా నగరమున కూడిన అంతర్జాతీయ సభలో, సింహళము, అమెరికా దేశముల ప్రతిపాదనపై, ఈ కుటుంబపు సాలీళ్లన్నిటి వ్యాపారమును అనుమతిపత్రములు లేనిదే జరుపరాదని నిశ్చయించిరి. 2022లో మన వన్యప్రాణి సంరక్షణచట్టమును సవరించి, ఆ యంతర్జాతీయ యొడంబడికను మన దేశమున అమలుపఱచుటకు వీలు కల్పించిరి. చట్టములు వాకిట కావలి వంటివి. ఇల్లు నిలుచుట మాత్రము ఇంటివారి చేతిలోనిదే.

మేము ఆ సాలీని చూచితిమా యని మీరడుగవచ్చును. చూడలేదు. పల్లెలోని యొక కుఱ్ఱవాడు నాలుగు రూకలకు ఆశపడి, "తొఱ్ఱల్లో పుల్ల పెట్టి కెలికి చూపిస్తానమ్మా" అని ముందుకు వచ్చెను. మా పిల్లయే, "వద్దన్నా, అది దాని ఇల్లు. లోపల గ్రుడ్లుంటే?" అని వారించినది. రక్షితారణ్యమున అనుమతిలేక అడుగిడుట తగదు. తొఱ్ఱ చెదరినచో గూడు చెదరును. చూడకుండ తిరిగివచ్చుటకు మాకు చింత లేదు. మన చుట్టములలో గోషాలోనున్న ముత్తవ్వలను చూడకయే వారి యున్కిని గౌరవించిన కుటుంబములు ఎన్నిలేవు? ఉన్నదని తెలిసికొనుటయు ఒక దర్శనమే.

సాలీడనగానే మనలో పెక్కుమందికి ఏవగింపు. పండుగ వచ్చినదనగా బూజుకఱ్ఱ పట్టుకొని గోడలు దులుపుట మన పని. అది మానుమని మేము చెప్పము. కాని దులిపినప్పుడు క్రిందపడిన పురుగును చెప్పుతో నలుపక, చేటతో ఎత్తి పెరటిలో విడుచుట మన చేతిలో పని. ఇంటిలోని చిన్న సాలీళ్లు దోమలను ఈగలను తిని మనకు మేలే చేయుచున్నవి. శ్రీకాళహస్తి మాహాత్మ్యము తెలిసిన యిండ్లలో ఈ మాట వింతగ తోచదు. ఆ క్షేత్రనామమున 'శ్రీ' యనగా సాలెపురుగే గదా! పామునకును ఏనుగునకును ముందు దాని పేరే నిలిచినది. శివునకు తన దారముతో గుడి గట్టిన భక్తురాలని పూజించు జాతిలో, నీలవర్ణముతో పుట్టిన దానికి ఒక తొఱ్ఱ విడుచుట మనకు భారమా?

ఆదోనిలో, ఎమ్మిగనూరులో, గుత్తిలో పిల్లలుగల తల్లులు ఒక పని చేయవచ్చును. మన సీమ పేరు మోసిన ప్రాణి యొకటి కలదని, దాని యిల్లు నల్లమలయని, అది ఆపదలోనున్నదని భోజనముల వేళ పిల్లలకు చెప్పవచ్చును. కోటల కథలు చెప్పినట్లే ఈ కథయు చెప్పవచ్చును. నల్లమల యంచున కాపురములున్న సోదరీమణులు మఱియొక పని చేయవచ్చును. ఎవరైన పరాయివారు వచ్చి సాలీళ్లకు డబ్బిచ్చెదమన్నచో, ఆ సంగతిని అటవీశాఖవారి చెవిని వేయవచ్చును. ఇక మనమందఱమును చేయదగినది ఇంకొకటి కలదు. పొలముగట్టున గాని, ఊరిబయట గాని, తొఱ్ఱపడిన ముసలిచెట్టొకటి నిలిచియున్నచో, ఎందుకు పనికివచ్చునని గొడ్డలి పంపకముందు ఒక్క నిమిషమాగి, లోపల ఎవరైన కాపురమున్నారేమోయని తలంచుడు. సాలీడు కాకున్న గుడ్లగూబ, గుడ్లగూబ కాకున్న చిలుక, చిలుక కాకున్న తేనెటీగ. ఖాళీయిల్లని మనకు తోచినది ఎవరికో పుట్టినిల్లు కావచ్చును.